డాబా మీద సూర్యుడు, స్తంభము మీద మనిషి

వేసవి మధ్యాహ్నము రెండు గంటల వేళ వీధిలో కరెంటు పోయినది. డాబా మీద ఆరు సౌరఫలకములు నిప్పులు చెరగు ఎండలో కాగుచునే యున్నవి. క్రింద ఇంటిలో మాత్రము పంకా తిరుగదు. "లక్షకు పైగా పోసి సోలారు పెట్టించుకొంటిమే, నడినెత్తిన సూర్యుని పెట్టుకొని ఈ ఉక్కపోత మనకేల?" అని యజమాని విసుగుకొనును. బిగించి పోయినవారు ఈ సంగతి ముందుగా విప్పి చెప్పి యుండరు. ఇరుగు పొరుగువారు "మిమ్ములను మోసగించినారు" అని తీర్పు చెప్పివేయుదురు.

ఎవరును మోసగింపలేదు. యంత్రము చెడిపోనును లేదు. తన పనులలో మిక్కిలి ముఖ్యమైన దానిని అది ఆ క్షణముననే నెరవేర్చుచున్నది. ఆ పని యేమో తెలియవలెనన్నచో, గోడకు తగిలించిన ఇన్వర్టరు అను పెట్టెను, దానిని బిగించి తొలిసారి నడిపించు విధమును కొంచెము నిదానముగా చూడవలెను.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. సూర్యఘర్ పథకమును ప్రారంభించి, కోటి ఇండ్ల కప్పులపై సౌరవిద్యుత్తును నెలకొల్పుట తన లక్ష్యమని ప్రకటించినది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఏర్పడుటతో తెలుగునాట పట్టణములలోను పల్లెలలోను డాబాల రూపు మారజొచ్చినది. వడియములు ఎండబెట్టుకొను చోట నల్లని అద్దపు పలకలు వెలసినవి. పాఠశాలల కప్పులకు ఈ యేర్పాటు మరియు నప్పును. బడి నడచుట, ఎండ కాయుట రెండును పగటివేళలే కదా.

ఇన్వర్టరనగానే తెలుగు ఇండ్లలో అందరికి తోచునది బ్యాటరీ ప్రక్కన గుర్రుమనుచుండెడి పెట్టె. కరెంటు పోయినప్పుడు పని మొదలుపెట్టుట దాని స్వభావము. సౌరవిద్యుత్తుకు సాధారణముగా బిగించు ఇన్వర్టరు దీనికి పూర్తిగా విరుద్ధమైనది. కరెంటు పోయినప్పుడు ఇది పని మానును. రెంటికి ఒకే పేరుండుట వలన కలిగిన అపార్థము ఇంతింత కాదు.

సూర్యరశ్మి తగిలిన పదార్థమునుండి విద్యుత్తు పుట్టుటను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెకరెల్ 1839లోనే గమనించెను. దానిని వాడుకకు తెచ్చిన సిలికాన్ ఘటము 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైనది. నాటి ఘటము తనపై పడిన వెలుగులో నూటికి ఆరు పాళ్లు మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగెను. నేడు డాబాలపై బిగించు ఫలకములు ఇరువది పాళ్లు దాటుచున్నవి. ఎంత పెరిగినను ఒక విషయము మారలేదు. ఆ ఘటమునుండి వచ్చునది ఏకముఖ విద్యుత్తు. ఒకే దిక్కునకు ప్రవహించును. ఇంటికి వచ్చు విద్యుత్తో ఏకాంతరమైనది. సెకనుకు ఏబది మార్లు ముందుకు వెనుకకు ఊగుచుండును. ఏకముఖము తక్కువ జాతిదని కాదు; 1925లో బొంబాయిలో నడచిన దేశపు తొలి విద్యుద్రైలు 1,500 ఓల్టుల ఏకముఖ విద్యుత్తుతోనే నడచినది. కాని వీధి తీగలతో చేరవలెనన్న వీధి నడక నేర్వక తప్పదు. ఆ నడక నేర్పునదే ఇన్వర్టరు.

దాని లోపల జరుగు పని మూడు అంచెలు. 540 వాట్ల ఫలకములు ఆరింటిని వరుసగా కలిపినచో పని చేయు వేళ సుమారు 245 ఓల్టులు వచ్చును. వీధి విద్యుత్తు 230 ఓల్టులే కదా, ఇది చాలునని విద్యార్థి అనుకొనవచ్చును. 230 అనునది వర్గమధ్యమమూలపు విలువ. తరంగ శిఖరము 325 ఓల్టులు. కావున ముందుగా ఎత్తిపోతల పథకములో నీటిని తోడినట్లు ఆ 245ను శిఖరమునకు మించిన యెత్తునకు ఎత్తవలెను. తరువాత అర్ధవాహకపు మీటలు సెకనుకు పదునారు వేలు, ఇరువది వేల మార్లు తెరచుకొనుచు మూసికొనుచు ఆ విద్యుత్తును సన్నని తునకలుగా కోయును. శిఖరమువద్ద తునక వెడల్పు, పాదమువద్ద ఇరుకు. ఆ తునకలు తీగచుట్టల గుండా పోవునప్పటికి గరుకుదనము పోయి నున్నని తరంగమగును.

మూడవ పని ఇంకను చిత్రమైనది. ఫలకపు కొసలను విడిగా వదలినచో ఓల్టేజి అత్యధికము, ప్రవాహము సున్న. కొసలు రెండును కలిపివేసినచో ప్రవాహము అత్యధికము, ఓల్టేజి సున్న. రెండు చోట్లను లబ్ధము సున్నయే. లబ్ధము గరిష్ఠమగు స్థానము నడుమ నెక్కడనో కలదు. మబ్బు పట్టినను, ఎండ ముదిరినను అది జరుగుచుండును. ఇన్వర్టరు ఉదయమునుండి సాయంత్రము వరకు ఆ స్థానమును వెదకుచునే యుండును. పదవ తరగతి గణితములో గరిష్ఠ విలువను గ్రాఫు గీసి చూపు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇక బిగింపు సంగతి. తెలుగు నేల భూమధ్యరేఖకు ఉత్తరముగా, ఇంచుమించు 13, 20 డిగ్రీల అక్షాంశముల నడుమ నున్నది. అందుచేత ఫలకములు దక్షిణమునకు మొగము త్రిప్పి, అక్షాంశమునకు దగ్గరగా వాలి యుండవలెను. నీళ్ల ట్యాంకు ఫలకములకు ఉత్తరమున నుండుట మేలు. దక్షిణమున నున్నచో నీడ పడును. నీడ విషయమున చాలామంది పొరబడుదురు. ఒక మూల కొబ్బరిమట్ట నీడ పడిన ఆ మూల మాత్రమే తగ్గునని వారి ఊహ. ఘటములన్నియు వరుసగా కలిసి యున్నవి గనుక, నీడలోని ఘటము తక్కిన వాటి ప్రవాహమునకు అడ్డుకట్టయగును. ప్రతి ఫలకములోను సాధారణముగా మూడు డయోడులు పెట్టి ఆ ప్రవాహమునకు ప్రక్కదారి చూపుదురు. అయినను నష్టము నీడ వైశాల్యమును మించియే యుండును.

ఎండ యెక్కువైన కొలది ఉత్పత్తి పెరుగుననుటయు పూర్తి నిజము కాదు. వెలుగు కావలెను గాని వేడి పనికిరాదు. ఫలకముల సామర్థ్యమును 25 డిగ్రీల వద్ద కొలిచి ముద్రింతురు. రెంటచింతల వేసవిలో ఫలకపు వేడి 65 డిగ్రీలకు చేరినచో శక్తిలో సుమారు ఏడవ వంతు తగ్గిపోవును. చలిలో ఇందుకు విపర్యయము. లంబసింగిలో మాఘమాసపు ఉదయమున 5 డిగ్రీల చలిలో తొలి కిరణము తాకినచో, ఆరు ఫలకముల వరుస 294 ఓల్టులకు బదులు 310 దాకా చూపును. పొడుగాటి వరుసలు వేయువారు ఈ లెక్క మరచినచో ఇన్వర్టరు తట్టుకొను మేరను ఓల్టేజి దాటును. ఖరీదైన పెట్టె చలికాలపు ఒక ఉదయమున కాలిపోవును. ఎండకు పనిచేయు యంత్రము చలికి చచ్చుట విచిత్రముగా తోచును గాని, కారణమిదియే.

ఇన్వర్టరును నీడపట్టున, గాలి ఆడు గోడకు, చూపుల యెత్తున బిగింపవలెను. క్రింద మీద జానెడైనను ఖాళీ యుండవలెను. తన వేడి తానే తట్టుకొనలేని స్థితి వచ్చిన అది ఉత్పత్తిని తగ్గించుకొనును. బడులలో పిల్లల చేతికి అందనిచోట నుండుట తప్పనిసరి.

పనివారు మిక్కిలి జాగరూకత చూపవలసినది ఏకముఖపు వైపున. ఏకాంతర విద్యుత్తు సెకనుకు నూరు మార్లు సున్నను దాటును. తీగ ఊడినప్పుడు లేచిన మంట ఆ సున్నల వద్ద ఆరిపోవుటకు అవకాశము కలదు. ఏకముఖమునకు సున్న లేదు. ప్రవాహమున్నప్పుడు కొస లాగినచో మెరుపు తీగవలె సాగి, ప్లాస్టిక్కును కరగించి, ఇల్లంటింపగలదు. పైగా ఫలకమునకు మీట లేదు. ఎండ యున్నంత సేపు దాని కొసలలో విద్యుత్తుండును. ఆపుడన్న ఆగని కొలిమి అది. అందుకే పని ముగించునప్పుడు ముందుగా ఏకాంతరపు మీటను దింపి, ప్రవాహము నిలిచిన తరువాతనే ఏకముఖపు మీటను త్రిప్పుదురు. అటు పిమ్మట కూడ పెట్టెలోని కెపాసిటర్లు కొన్ని నిమిషముల వరకు విద్యుత్తును దాచుకొని యుండును. తయారీదారులు చెప్పినంత సేపు వేచియుండక మూత తీయరాదు.

నేలలో మూడు ఎర్తు గుంటలు త్రవ్వుదురు. పిడుగుల కడ్డీకి ఒకటి, ఫలకముల చట్రమునకు ఒకటి, ఇన్వర్టరు ఏకాంతరపు వైపునకు ఒకటి. పిడుగునకు వేరుగా గుంట యుండుటకు కారణము స్పష్టమే. ఆకాశమునుండి దిగిన దానిని ఇంటి తీగలలోనికి ఆహ్వానింపరాదు. ఎర్తు నిరోధము సాధారణముగా 5 ఓములకు లోబడి యుండవలెనందురు. వర్షాకాలములో కొలిచిన 5 ఓములు వేసవిలో నేల యెండినప్పుడు 5గా నుండవు. గుంట మూతపై బిందెడు నీళ్లు పోయు పాత అలవాటు ఇందుకే పుట్టినది. బిగింపు పనులన్నిటిలో కంటికి కనబడనిది ఈ గుంట. అందుచేతనే తొందరపాటువారు మొదట కోత పెట్టునదియు ఇదియే. ఫలకముల మీద కొబ్బరికాయ కొట్టి ఫోటో తీయించుకొనుటలోని శ్రద్ధ, ఎర్తు కొలిచి కాగితముపై అంకె వ్రాయించుకొనుటలో కనబడదు.

తీగలన్నియు కలిపిన పిదప మెగ్గరు అను పరికరముతో ఎక్కడనైన కారుచున్నదా యని పరీక్షింతురు; ధన ఋణములు తారుమారు కాలేదని చూతురు; వరుస ఓల్టేజి లెక్కకు సరిపోయినదా యని కొలుతురు. విద్యుత్ పంపిణీ సంస్థవారు వచ్చి చూచి, ఇంటిలోనికి వచ్చినది, ఇంటినుండి పోయినది వేరువేరుగా లెక్కించు నెట్ మీటరు బిగింతురు. అప్పుడు మీటలు వేయుదురు. వేసిన వెంటనే ఏమియు జరుగదు. కొత్తవారు కంగారు పడుదురు. ఇన్వర్టరు ఆ నిశ్శబ్దములో ఫలకములను తానే మరల పరీక్షించుకొనుచు, వీధి తీగను వినుచుండును.

వినుట అనుట అతిశయోక్తి కాదు. గాయకుడు తంబూర మీటించుకొని శ్రుతి పట్టి, ఆ తరువాత నోరు విప్పును. ఇన్వర్టరు కూడ వీధి విద్యుత్తు యొక్క ఓల్టేజిని, పౌనఃపున్యమును, తరంగము ఏ క్షణమున పైకి లేచుచున్నది, ఏ క్షణమున దిగుచున్నదియు పట్టుకొని, తన తరంగమును దానితో సరిపెట్టుకొనును. ఆ శ్రుతి ఒక్క వీధిది కాదు, ఒక్క రాష్ట్రముది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్టుల మార్గముతో దక్షిణాది విద్యుద్వలయము తక్కిన దేశముతో ఏకమైనది. అంతకు ముందు, 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరాది వలయము కుప్పకూలినప్పుడు దక్షిణాది వెలుగుచుండుటకు ఈ శ్రుతి వేరుగా నుండుటయే కారణము. నేడు గుంటూరు డాబామీది పెట్టె, కాశ్మీరములోని జలవిద్యుత్కేంద్రపు చక్రము ఒకే లయలో నడచుచున్నవి. రామగుండము జలాశయము మీద 2022లో పూర్తిగా పనిలోనికి వచ్చిన 100 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రమును, ఈ మూడు కిలోవాట్ల పెట్టెయు ఒకే తంబూరకు తలయొగ్గవలసినవి.

వీధి విద్యుత్తు పోయినప్పుడు ఆ తంబూర ఆగినది. గాయకుడు సొంతముగా పాడుకొనరాదా?

పాడరాదు. వీధి చివర స్తంభము మీద ఒక మనిషి యుండవచ్చును.

తీగ తెగినప్పుడు లైన్‌మన్ సబ్‌స్టేషనును అడిగి ఎల్.సి. తీసికొనును. అనగా ఫలానా లైనును ఆపితిమి, పని చేసికొనవచ్చునను మాట. ఆపుట యనగా పైనుండి వచ్చు విద్యుత్తును ఆపుట. క్రిందినుండి, ఇండ్లనుండి ఎదురు వచ్చు విద్యుత్తును సబ్‌స్టేషను మీట ఆపజాలదు. ఇక్కడనే పాఠశాలలో నేర్చిన ట్రాన్స్‌ఫార్మరు పాఠము ప్రాణముల మీదికి వచ్చును. వీధి ట్రాన్స్‌ఫార్మరు 11,000 ఓల్టులను 433 ఓల్టులకు దించునని చదువుదురు. దానికి ఎగువ దిగువలు తెలియవు. క్రింది చుట్టకు విద్యుత్తు నందించినచో పై చుట్టలో అదే నిష్పత్తిలో, ఇంచుమించు ఇరువదియైదు రెట్లు పెంచి చూపును. ఇంటి పెట్టె పంపిన విద్యుత్తు, చచ్చినదనుకొన్న పై తీగను బ్రతికించును. ఆ తీగ మీద చేయి వేసి యున్నవాడు ఎల్.సి. తీసికొన్న వాడే, తప్పు చేసిన వాడు కాడు.

ఈ ప్రమాదము సౌరవిద్యుత్తుతో పుట్టినది కాదు. చేంజోవరు మీట లేకుండ జనరేటరును నేరుగా ఇంటి తీగలకు తగిలించు వారున్నంత కాలము నుండి ఉన్నదే. అనుభవజ్ఞుడైన లైన్‌మన్ తీగను టెస్టరుతో చూచి, ఇరువైపుల ఎర్తు గొలుసులు వేసి గాని చేయి పెట్టడు. కాని వానలో, చీకటిలో, ఊరివారి కేకల నడుమ, అన్నియు ప్రతిసారి జరుగునని నమ్మి యంత్రము తయారు చేయరాదు. ఒక వీధిలో ఒక జనరేటరుండవచ్చును. సౌరఫలకములు పది యిండ్ల మీద ఉండును. పదింటిలో ప్రతియొకటియు తనంతట ఆగవలెను.

విద్యుత్తు పోయినదని దానికి తెలియుట యెట్లు? ఇది సులభమని తోచును గాని కాదు. ఒక్క ఇంటి మూడు కిలోవాట్లు వీధిభారమంతయు మోయలేవు. ఓల్టేజి కూలి, పెట్టె ఆగును. చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఆ క్షణమున వీధిలోని వాడకము, డాబాల ఉత్పత్తి సరిగా సమానమైనప్పుడు. అప్పుడు ఓల్టేజి మారదు, పౌనఃపున్యము మారదు. పైనుండి విద్యుత్తు లేకున్నను వీధి వెలుగుచునే యుండును. దేశమునుండి తెగిపోయిన ఆ చిన్న భాగమును ఇంజనీర్లు ద్వీపమందురు.

ద్వీపమును కనిపెట్టుటకు ఇన్వర్టరు ఒక ఉపాయము చేయును. పనిచేయుచున్నంత సేపు తన పౌనఃపున్యమును కొద్దిగా అటో ఇటో నెట్టి చూచుచుండును. దేశపు వలయము గోడ వంటిది; 2024 మే 30న ఈ వలయము మోసిన భారము రెండు లక్షల యేబది వేల మెగావాట్లు. మూడు కిలోవాట్ల పెట్టె ఎంత నెట్టినను అది కదలదు. కదలలేదన్నచో అంతయు క్షేమము. ద్వీపములో నున్నప్పుడు ఎదుట నున్నది గోడ కాదు, తెర. నెట్టిన కొలది జరుగును. ఆ జరుగుటను చూచి ఇంకను నెట్టును, క్షణములలో పౌనఃపున్యము హద్దు దాటును, రిలే తెరచుకొనును. ఇదంతయు రెండు సెకనులలో ముగియవలెనని భారత ప్రమాణము ఐ.ఎస్. 16169 పరీక్ష విధించుచున్నది. వాడకము, ఉత్పత్తి సమానముగా నుంచి చేయు ఆ కఠిన పరీక్ష ప్రయోగశాలలో జరుగును. ఆ ధ్రువపత్రము లేని పెట్టెను చవకగా వచ్చినదని కొనరాదు.

కరెంటు పోయినప్పుడును వెలుగు కావలెనన్న వారికి హైబ్రిడ్ ఇన్వర్టరులు కలవు. వాటికి బ్యాటరీ ఖర్చు తోడగును. అవియు వీధికి విద్యుత్తు పంపవు. ముందుగా వీధితో సంబంధము తెంచుకొని, ఆ తెంపు స్థిరపడిన తరువాతనే ఇంటికి మాత్రము వెలుగిచ్చును.

సాధారణపు పెట్టె విషయమున, తొలిదినమున ఇంటివారు తప్పక అడిగి చేయించుకొనవలసిన పరీక్ష యొకటి కలదు. చాలచోట్ల ఉత్పత్తి అంకె తెరపై కనబడగానే చప్పట్లు కొట్టి ముగింతురు. ఉత్పత్తి చేయుట ఎండ వచ్చిన ప్రతి దినమును కనబడును, దానికి పరీక్షయెందుకు? ఆగుటను పరీక్షింపవలెను. మంచి యెండలో, ఇన్వర్టరు నిండుగా పని చేయుచుండగా, పనివాడు మీటరు ప్రక్కనున్న మెయిను మీటను దింపును. పెట్టె వెంటనే టక్కుమని ఆగవలెను. బయటి కొసల వద్ద మీటరు పెట్టినచో సున్న చూపవలెను. బడిలో నైనచో పెద్ద తరగతుల పిల్లలను దూరముగా నిలిపి దీనిని చూపవచ్చును.

తరువాత మెయిను మీటను మరల వేయుదురు. పెట్టె వెంటనే మొదలుకారాదు. వీధి విద్యుత్తు వచ్చీరాగానే నమ్మరాదు. లైన్‌మన్ ఒకసారి వేసి చూచి మరల తీయవచ్చును. ఓల్టేజి, పౌనఃపున్యము హద్దులలో కనీసము 60 సెకనులు నిలుకడగా నున్న తరువాతనే చేరవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నాటి నిబంధనలు చెప్పినవి. ఒక పిల్లవాడు గడియారము చేత పట్టుకొని లెక్కపెట్టవలెను. ముప్పది. నలుబది. యేబది. తెరపై ఎర్రదీపము వెలిగియే యుండును. అరువది దాటిన పిమ్మట ఎప్పుడో లోపల రిలే మూసికొన్న సన్నని చప్పుడగును, దీపము పచ్చబడును, నెట్ మీటరులో, వీధికి పోయిన యూనిట్ల వరుసలో అంకె కదలుట మొదలగును. పనివాడు అంకెను, వేళను కాగితముపై వ్రాసి, క్రింద సంతకము చేసి యిచ్చును.